గాలం లేని కొయ్యచేప



మిషిగన్ రాష్ట్రంలో కాడిలాక్ అని ఒక ఊరు. చుట్టూ సరస్సులు, అడవులు. ఆస్కార్ పీటర్సన్ అనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపాడు. 1887లో పుట్టి 1951లో పోయాడు. కొయ్యతో చేపలు చెక్కి అమ్మడం ఆయన వ్యాపకం. అలా వేలకొద్దీ చెక్కాడు. ఆ చేపలకు గాలం ఉండదు, ముల్లు ఉండదు. వాటితో ఒక్క చేపను కూడా పట్టలేం. ఈటె పట్టుకుని కాచుకున్న మనిషి కంటిముందుకి అసలు చేపను రప్పించడంతో వాటి పని సరి. ఆ రోజుల్లో చిల్లర డబ్బులకు దొరికిన ఆ బొమ్మ ఇవాళ వేలంలో వేల డాలర్లు పలుకుతోంది. 1990లో న్యూయార్క్‌లోని అమెరికన్ జానపద కళల మ్యూజియం ఇలాంటి కొయ్యచేపలతో ప్రత్యేకంగా ఒక ప్రదర్శనే పెట్టింది.

అంత గౌరవం దక్కడం మంచిదే. కానీ అద్దాల బీరువాలోకి చేరాక ఆ చేప ఈదడం మానేసింది. గడ్డకట్టిన సరస్సు మీద వాడే పాత సరంజామాను దాచుకోవాలా, వాడుకోవాలా అన్న తగువు ఇక్కడే మొదలవుతుంది. ఉత్తర అమెరికాలో సరస్సులు గడ్డకట్టే ఊళ్లలో ఈ తగువు వినిపిస్తుంది. మిన్నెసోటా జంట నగరాల్లో స్థిరపడ్డ మనవాళ్లలో కూడా చలికాలం సెలవుల్లో ఐసు మీదికి వెళ్లేవాళ్లున్నారు. పక్కింటి పెద్దాయన గరాజ్ ఖాళీ చేస్తూ ఓ పాత పెట్టె చేతిలో పెడితే ఏం చేయాలో తెలియాలి కదా!

ముందు ఆ కొయ్యచేప సంగతే పూర్తి చేద్దాం. దాని వెనుక అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల విద్య ఉంది. ఐసులో చిన్న కన్నం కొట్టి, బోర్లా పడుకుని, తలమీదుగా దుప్పటి కప్పుకుని, ఒక చేత్తో కొయ్యచేపను ఆడిస్తూ మరో చేతిలో ఈటె సిద్ధంగా పెట్టుకునేవారు. దుప్పటి ఎందుకంటే చుట్టూ చీకటి ఉంటేనే నీటి లోతు కనబడుతుంది. తర్వాత వచ్చిన వలసదారులు ఆ దుప్పటి బదులు కిటికీ లేని చెక్క గుడిసె కట్టారు. లోపల కూర్చుంటే పైనంతా చీకటి. చుట్టూ ఉన్న ఐసులోంచి దిగిన పగటి వెలుతురుతో కాళ్లకింది కన్నం మాత్రం సినిమాహాల్లో తెరలా వెలుగుతుంది. విస్కాన్సిన్‌లోని లాక్ డు ఫ్లాంబో ఓజిబ్వే శిల్పుల కొయ్యచేపలకు సేకరణదారుల్లో ప్రత్యేకమైన పేరుంది.

చూడ్డానికి బొమ్మే గానీ లోపల లెక్క చాలా ఉంది. తేలికపాటి కొయ్య చెక్కి, పొట్ట తొలిచి, అందులో సీసం కరిగించి పోస్తారు. సీసం తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే రాయిలా దిగిపోతుంది, పక్కకు పడితే ఒరిగిపోతుంది. రెక్కలు రేకువి. పాత డబ్బాల రేకునే కత్తిరించి పెట్టినవి చాలా కనిపిస్తాయి. తోక ఎంత వంచితే చేప అంత చిన్న గుండ్రం తిరుగుతుంది. వీపు మీద దారం కట్టే చోటు అంగుళంలో నాలుగో వంతు జరిగినా నడక మారిపోతుంది. అందుకే ఎంత అందమైన కొయ్యచేప అయినా నీళ్ల తొట్టిలో తిరిగి చూపించేదాకా పనిమంతులు దాన్ని నమ్మరు.

సేకరణదారులు దీన్ని ఇంకో కంటితో చూస్తారు. వాళ్లకు అసలు రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. కొత్తగా పూత వేస్తే విలువ సగానికి సగం పోయినట్టే. వాడేవాడికి ఆ పట్టింపు లేదు. రంగు పోతే మళ్లీ వేసుకుంటాడు, రెక్క ఊడితే ఇంకో రేకు ముక్క కొట్టుకుంటాడు. ఇద్దరూ ఒకేలా మురిసిపోయేది పంటిగాట్లు చూసే. పైక్ అనే పళ్ల చేప ఒక్కోసారి ఈ కొయ్యచేప నిజమనుకుని కొరుకుతుంది. ఆ గాట్లున్న బొమ్మ బీరువాలో పెట్టుకునేవాడికీ ముద్దే, నీళ్లలో ఆడించేవాడికీ ముద్దే. అయితే పీటర్సన్ చేతి పనిలాంటిది దొరికితే నీళ్లలో దించకపోవడమే మర్యాద. దారం తెగితే సరస్సు అడుగున వెతకడం ఎవరి తరం? దానికి నకలు చెక్కించుకుని ఆ నకలును వాడుకోవచ్చు.

మిగతా సరంజామా విషయంలో మాత్రం తీర్పు వాడకం వైపే. దానికి కారణం చలి.

సరస్సు పైన గడ్డకట్టినా అడుగున నీరు నీరుగానే ఉంటుంది. నీటికి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువెక్కువ కాబట్టి ఆ నీరు కిందికి దిగుతుంది, ఐసు పైన తేలుతుంది. చేపకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పైనున్న మనిషికీ, వాడి పనిముట్లకే. సున్నాకు 20 డిగ్రీలు కిందకు పడ్డప్పుడు బ్యాటరీ నీరసిస్తుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, రీలు మీద తడి దారం బిగుసుకుపోతుంది, ఇనుప పిడి చేతిని కొరికేస్తుంది. పాతకాలపు వాళ్లు ఈ నాలుగింటినీ తప్పించుకునేలా పనిముట్లు చేసుకున్నారు. పాత కర్రగాలం చూడండి. జానెడు కర్ర, దారం చుట్టడానికి రెండు మేకులు, ఐసులో గుచ్చడానికి కింద ఒక మొన. అంతే. చేప పడితే దారం చేత్తోనే లాగుతారు. రీలే లేదు, ఇక బిగుసుకుపోయేదేముంది?

టిప్-అప్ అనేది ఇంకా తెలివైన వస్తువు. కన్నానికి అడ్డంగా ఒక చెక్క ఆనించి ఉంటుంది. దాని కింద, నీళ్లలో మునిగి, దారం చుట్టిన ఉండ. పైన ఉక్కు పట్టీకి కట్టిన చిన్న జెండా వంచి కొక్కేనికి తగిలించి ఉంటుంది. చేప ఎర లాగగానే ఉండ తిరుగుతుంది, కొక్కెం వదులుతుంది, జెండా టపీమని లేస్తుంది. ఉండ నీళ్లలో ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు. విస్కాన్సిన్‌లోని బీవర్ డామ్ ఊరి పేరుతో చలామణి అయిన రకంలో తిరిగే కడ్డీ చుట్టూ గొట్టం, గొట్టం నిండా చలికి గట్టిపడని గ్రీజు. తాత కొన్నదాన్ని మనవడు వాడుతున్న ఇళ్లున్నాయి. ఒక్కో మనిషి ఎన్ని దారాలు వేయొచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: మిన్నెసోటాలో రెండు, విస్కాన్సిన్‌లో మూడు, మెయిన్‌లో ఐదు. విస్కాన్సిన్‌లో టిప్-అప్ మీద యజమాని పేరూ చిరునామా ఉండాలన్న నియమం వల్ల ఇంకో సంగతి జరిగింది. పాత సామాన్లలో దొరికే టిప్-అప్‌ల మీద కాల్చి రాసినవో, కత్తితో చెక్కినవో ఎవరెవరివో పేర్లు ఉంటాయి. కొన్నవాడు తన గుర్తింపు తప్పనిసరిగా రాసుకోవాలి. పాత పేరును గీకేయడం మాత్రం ఎందుకో మనసొప్పని పని.

ఇక కన్నం వేసే పనిముట్లు. మొట్టమొదటిది గడ్డపార. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన పాత గడ్డపారలకు అంచు ఉలిలా ఒకవైపే వాలుగా ఉంటుంది. కన్నం గోడలు నిటారుగా రావడానికి ఆ వాలు పనికొస్తుంది. నడుస్తూ ముందుకు పోటేసి ఐసు గట్టిదనం చూసుకోవడానికి ఇప్పటికీ దీన్ని మించింది లేదు. దీని తర్వాత బర్మా వచ్చింది. స్వీడన్‌లోని మోరా ఊరి చేతిబర్మాకు ఈ సరస్సుల మీద పెద్ద పేరు. దాని పదును మాత్రం ఇంట్లో ఆకురాయితో దిద్దేది కాదు. అంచు వంపు రవ్వంత తప్పినా ఐసు మీద జారుతుంది తప్ప దిగదు. ఇసుక కలిసిన ఐసులో ఒక్కసారి దింపితే చాలు, పదును గోవిందా. పాత మోరా కొనేవాళ్లు ముందు అలుగు మీద తొడుగు ఉందో లేదో చూడాలి. తొడుగు పోగొట్టుకున్న యజమాని ఆ అలుగును ఎలా చూసుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే గొప్ప చరిత్ర ఐసు రంపానిది. మనిషి భుజం ఎత్తున్న రేకు, వేలెడు పళ్లు, ఒక చివరే పిడి. రెండో చివర నీళ్లలో ఉంటుంది కాబట్టి అక్కడ పట్టుకునేవాడు ఉండడు. ఈటె వేసేవాళ్లకు బల్లంత కన్నం కావాలి. బర్మాతో అది తేలదు, రంపం కావాల్సిందే. ఈ రంపం పుట్టింది మాత్రం చేపల కోసం కాదు, వ్యాపారం కోసం. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ 1806లో ఐసును ఓడకెక్కించి మార్టినిక్ ద్వీపానికి పంపాడు. 1833లో ఆయన ఓడ కలకత్తా చేరింది. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల ప్రయాణం తర్వాత దాదాపు 100 టన్నులు మిగిలిందట! 1842లో మద్రాసు సముద్రతీరాన ఐసు దాచడానికి ఒక గుండ్రటి భవనం కట్టించాడు. అదే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద బస చేసింది అందులోనే. మద్రాసులో బతికిన మన పెద్దలకు ఆ పేరు బస్సు స్టాపుగా కూడా పరిచయం. ఆ భవనంలోకి వచ్చిన ఐసంతా మసాచుసెట్స్ చెరువుల మీద గుర్రాలు లాగే నాగళ్లతో గీతలు గీసి, ఇలాంటి రంపాలతోనే కోసినది. యంత్రాలతో ఐసు తయారుచేయడం వచ్చాక ఓడలు ఆగిపోయాయి, ఫ్రిజ్ వచ్చాక ఊళ్లలో ఐసు బండ్లు ఆగిపోయాయి. రంపాలు మాత్రం రైతుల కొట్టాల్లో మిగిలాయి. ఈటెగాళ్లు వాటిని దించి, తుప్పు గీకి, పళ్లు సానపట్టుకున్నారు. పని మారింది, పనిముట్టు బతికింది.

ఆ రంపం, ఆ ఈటె, ఆ కొయ్యచేప మూడూ ఒకేచోట చూడాలంటే విస్కాన్సిన్‌లోని విన్నెబాగో సరస్సుకు ఫిబ్రవరి రెండో శనివారం వెళ్లాలి. స్టర్జన్ అనే పెద్ద చేపను ఈటెతో పట్టే రుతువు ఆ రోజే మొదలవుతుంది. ఎక్కువలో ఎక్కువ 16 రోజులు. నిర్ణయించిన సంఖ్య ముందే నిండితే ముందే ఆపేస్తారు. 2010లో ఇక్కడ 212 పౌండ్ల చేప పడింది, అంటే 96 కిలోలు. అంత చేపకు ఈటె తల కర్ర నుంచి ఊడిపోయేలా, తాడుతో మాత్రం అంటిపెట్టుకునేలా చేస్తారు. కర్ర విరక్కుండా మనిషి తాడు పట్టుకుని పోరాడతాడు. కుటుంబాల్లో ఈటెలు తరాలు మారతాయి. ఇక్కడ కొయ్యచేప కూడా చేపలా ఉండాలన్న నియమం లేదు. పాత కాఫీ కెటిల్, బౌలింగ్ ఆటలోని కొయ్య, రంగు వేసిన ఏ వస్తువైనా దింపుతారు. స్టర్జన్‌కు ఉన్నది ఆకలి కాదు, కుతూహలం. రోజుల తరబడి ఏమీ కనబడకుండా కన్నంలోకి చూస్తూ కూర్చోవడమే ఈ వేటలో ముఖ్యభాగం. అంత ఓపిక మనవాళ్లలో క్రికెట్ టెస్టులు చూసేవాళ్లకు ఉండొచ్చు.

1980లలో ఐసు మీద చేపలు పట్టే లోకం తలకిందులైంది. మిన్నెసోటాకు చెందిన డేవ్ జెంజ్ స్లెడ్జి మీద మడిచి తెరిచే గుడారం తెచ్చాడు. చేప ఎక్కడుందో చూపించే ఎలక్ట్రానిక్ పెట్టె పట్టుకుని కన్నం నుంచి కన్నానికి తిరగడం నేర్పాడు. ఒకేచోట కూర్చునే పాత పద్ధతి, బరువైన సామానూ గరాజ్‌లోకి వెళ్లాయి. గరాజ్ సేల్‌లో ఐదు పది డాలర్లకు మంచి టిప్-అప్‌లు దొరకడానికి ఇదొక కారణం. విచిత్రం ఏమిటంటే, ఆ తొలినాటి ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా ఇప్పుడు పాతసామానే. 1950ల చివర లోరెన్స్ కంపెనీ తెచ్చిన చిన్న ఆకుపచ్చ పెట్టెను ఇవాళ సేకరణదారులు వెతుక్కుంటున్నారు.

పాతదని ప్రతిదాన్నీ వాడేయకూడదు. పెట్టె అడుగున దొరికే సీసపు గుండ్లు, సీసపు గాలాలు వాడొద్దు. మిన్నెసోటా రాష్ట్ర పక్షి లూన్ అరుగుదల కోసం గులకరాళ్లు మింగుతుంది. వాటితోపాటు ఒక్క సీసపు గుండు కడుపులోకి పోయినా చావే. ఎండలో పడున్న పాత నైలాన్ దారం చూపుకి బాగానే ఉంటుంది, చేప లాగగానే తెగుతుంది. దాన్ని పారేసి టిప్-అప్‌కు అల్లిక దారం చుట్టండి. లాంతరు విషయం మనవాళ్లకు సులభంగా అర్థమవుతుంది, పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లు మోసిన దేశం కదా మనది. పాత కోల్‌మన్ లాంతరు మంచిదే. అందులోని పాత మేంటిల్‌లో మాత్రం రేడియోధార్మిక థోరియం ఉంటుంది. దాన్ని తీసి కొత్తరకం తొడగాలి. మూసిన గుడిసెలో పాత గ్యాస్ పొయ్యి వెలిగించడం ఇంకా పెద్ద తప్పు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గాలి కన్నం, అలారం లేకుండా అగ్గిపుల్ల గీయకండి.

సంరక్షణకు పెద్ద విద్య అక్కర్లేదు. మార్చిలో ఇంటికి తెచ్చాక అన్నీ ఆరబెట్టాలి. తడి దారం ఉండ మీదే వదిలేస్తే కుళ్లుతుంది. కొయ్య పిడులకు అవిసె నూనె పట్టించాలి, ఇనుముకు పల్చగా నూనె రాయాలి. నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి, అవిసె నూనె గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లు లైసెన్సు తీసుకోండి. గట్టి ఐసు 4 అంగుళాలు ఉంటేనే కాలు పెట్టండి, తెల్లగా మసకబారిన ఐసైతే దానికి రెట్టింపు కావాలి. ఊరి ఎరల దుకాణంలో ఏ వైపు ఐసు పల్చనో అడగండి, చెప్తారు. సభ అయ్యాక ఈ బల్ల మీద ఉన్న గడ్డపార, టిప్-అప్, కొయ్యచేప నకలు చేత్తో పట్టుకుని చూడొచ్చు. జెండా ఎన్నిసార్లు లేపినా ఫర్వాలేదు. పక్కనున్న బర్మా తొడుగు మాత్రం పిల్లలెవరూ తీయకుండా చూడండి.