నకలు కాలిన చిత్తరువు



ఉషాపరిణయ కథ విననివారు ఈ చీపురుపల్లిలో నుండరు. కలలో గన్న పురుషుడెవ్వడో తెలియక ఉష పరితపించుచుండగా, చెలికత్తెయగు చిత్రరేఖ లోకములోని వీరుల నెందరినో పటమున వ్రాసి చూపినది. అనిరుద్ధుని రూపము కంటబడగనే ఉష సిగ్గుతో తల వంచుకొన్నది. పటము చూచినవారిని పట్టుకొనునన్న మాట మన పూర్వులకు క్రొత్త కాదు. పటమే నశించిన పిమ్మటను అది మనిషిని విడువకుండునా యన్నది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నకు అజంతా కథలో జవాబు కలదు.

అజంతా నేడు మహారాష్ట్రములో నున్నను 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిది. అచటి తొమ్మిది, పది గుహలలోని మిక్కిలి పాత చిత్రములు శాతవాహనుల కాలమునాటివి. తక్కిన వానిలో పెక్కులు అయిదవ శతాబ్దిలో వాకాటకుల యేలుబడిలో వ్రాయబడినవి. కొండ తొలిచిన గోడకు మట్టియు, వరిపొట్టును, పీచును కలిపి మెత్తి, దానిపై పలుచగా సున్నము పూసి, రంగురాళ్ళు నూరి వ్రాసిరి. మన యిండ్లలో ఆడవారు గోడలకు మెత్తునదియు ఇంచుమించు అదియే. గోడ రాయి గాని, చిత్రము నిలిచినది మట్టిపొర మీద.

1819లో వేటకు వచ్చిన జాన్ స్మిత్ అను ఇంగ్లీషు దొర ఆ గుహలను చూచి, పదవ గుహ స్తంభము మీది చిత్రముపై తన పేరును తేదీని గీచిపోయెను. చూచిన ముచ్చటకు గుర్తుగా దొర చేసిన సత్కార మది!

1844లో ఈస్టిండియా కంపెనీవారు ఆ చిత్రములకు ప్రతులు వ్రాయుటకై మదరాసు సైన్యములోని రాబర్టు గిల్లును నియమించిరి. నాడు మన చీపురుపల్లియు మదరాసు రాజధానిలోనిదే గనుక, ఆయన మన సీమ నేలిన సర్కారు నౌకరే. అడవి, జ్వరము, గుహలలోని చీకటి, వీని నడుమ సుమారు ఇరువది యేండ్లు శ్రమించి, గుడ్డపై తైలవర్ణములతో పెద్ద పెద్ద ప్రతులు వ్రాసి పంపెను. లండను చెంత క్రిస్టలు ప్యాలెసులో వానిని ప్రదర్శించిరి. 1866 డిసెంబరులో ఆ భవనము అంటుకొని, నాలుగైదు తప్ప ఆ ప్రతులన్నియు బూడిదయ్యెను.

కచ్చేరీ వ్యవహారము తెలిసినవారికి ఇందలి విపరీతము వెంటనే స్ఫురించును. అసలు చెడిపోవునేమో యని నకలు వ్రాయుదురు. ఇచట నకలే ముందు పోయెను. అసలు గుహలో నున్నది గదా యని తృప్తిపడుటకును వీలులేదు. నానాటికి మట్టిపొర విడి రాలుచుండెను. చూడవచ్చినవారిలో కొందరు ముక్కలు పెకలించుకొనిపోయిరి. గిల్లు గోడపై చూచి వ్రాసినవానిలో కొన్ని భాగములు నేడు గోడమీదను లేవు, గుడ్డమీదను లేవు. ఆయన గుహలకు తీసిన ఛాయాచిత్రములు మిగిలినవి గాని వానిలో రంగు ఎక్కడిది?

ప్రతులు కాలిననాటికి గిల్లుకు అరువది దాటినవి. మరియొకడైన కుంచె పారవేసి స్వదేశము చేరియుండును. ఆయన మరల ఆ గుహలనే పట్టుకొని, 1879లో మరణించువరకు ఆ ప్రాంతమునే యుండెను.

పిమ్మట 1872 మొదలు బొంబాయి చిత్రకళా పాఠశాల అధ్యక్షుడు జాన్ గ్రిఫిత్సు శిష్యులతో వచ్చి వ్రాసెను. (మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు తరువాతి కాలమున చదివినది ఆ పాఠశాలలోనే.) 1885లో లండనులో జరిగిన అగ్నిప్రమాదమున ఆ ప్రతులలోను పెక్కులు కాలిపోయెను. జపానునుండి వచ్చిన అరాయి కంపో వ్రాసికొనిపోయిన ప్రతులు 1923 నాటి టోక్యో భూకంపపు మంటలలో దగ్ధమయ్యెను. 1909 మొదలు మరి రెండేండ్ల లోపల రెండు మారులు వచ్చి నందలాల్ బోసు మొదలగువారితో ప్రతులు వ్రాయించిన హెరింగుహామ్ దొరసానికి, స్వదేశము చేరిన పిమ్మట మతి చలించెను. 1929లో మరణించువరకు ఆమె కోలుకొనలేదు.

ఇదంతయు గుహల శాపమని చెప్పుకొనువారు కలరు. లండనులో నిప్పంటుకొనుటకును, టోక్యోలో భూమి కంపించుటకును అజంతా బుద్ధుడేమి చేయును? శాపమే యున్నచో అది మనుష్యుల మమకారమున నున్నది. రంగులు స్ఫుటముగా కనబడవలెనని ప్రతులు వ్రాయువారు గోడలపై వార్నీషు పూసిరి. అది నల్లబడి, పెచ్చులై, క్రింది రంగును తనతో లాగుకొనెను. 1920లో నిజాము ప్రభుత్వము రప్పించిన ఇటలీ నిపుణులు రాలుచున్న పొరను గోడకు అతికి నిలిపిరి, అది మహోపకారము. కాని వారు పూసిన లక్కయు కాలక్రమమున పసుపెక్కెను. ద్వేషించినవా డెవ్వడును ఆ చిత్రముల కింత కీడు చేసియుండడు.

దొరసానికి తోడ్పడుటకు హైదరాబాదునుండి వెళ్ళినవారిలో సయ్యద్ అహమ్మదు ఒకడు. ఆమె వెళ్ళిపోయెను, ఆయన మాత్రము తరువాత నిజాము పురావస్తుశాఖలో చేరి, ఆ గుహలకే సంరక్షకుడై, ఏండ్ల తరబడి ప్రతులు వ్రాసెను. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలలో అజంతా ప్రతులకు ప్రత్యేకముగా ఒక విభాగము కలదు. పనులమీద ఆ పట్టణమునకు పోవువారు ఒక పూట వెచ్చించి వానిని చూచి రావచ్చును.