తెరపై కథ చెప్పిన తాడిపత్రి వారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో సినిమా ముచ్చట యేల యని పెద్దలు శంకింపవచ్చును. పురాణ శ్రవణమునకు కూర్చుండిన వారెల్లరకు గజేంద్రుని శ్రీహరి కాపాడునని ముందే తెలియును. తెలిసియు ఊపిరి బిగబట్టి విందురు. ఆ బిగువే ఉత్కంఠ. దానిని తెలుగు తెరపై నిలిపిన వారిలో అగ్రగణ్యులు మన సీమ బిడ్డ, కదిరి వెంకటరెడ్డి గారు.

ఆయన 1912లో అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. చిత్రసీమలో ఆయన మొదట కూర్చున్నది దర్శకుని కుర్చీలో గాదు, నగదు లెక్కల బల్ల యొద్ద. పిమ్మట కడప జిల్లా వారగు బి.ఎన్. రెడ్డి గారి చిత్రములకు నిర్మాణ వ్యవహారములు చక్కబెట్టిరి. ఆ లెక్క బుద్ధిని కడదాక విడువలేదు. స్టాప్‌వాచీ చేతబట్టి, సన్నివేశము ఎంతసేపు నడువవలెనో ముందుగానే నిర్ణయించెడివారు.

తొలుత 'భక్త పోతన' (1943), తరువాత 'యోగి వేమన' (1947) తీసిరి. 1951లో 'పాతాళభైరవి' వచ్చెను. నేపాళ మాంత్రికుడు తోటరాముని బలి యిచ్చుటకే తోడ్కొనిపోవుచున్నాడని మనకు తెలియును, రామునికి తెలియదు. తుదకు నీట మొసలితో పోరాడగా, అది శాపము తీరి దివ్యాంగనయై గుట్టు విప్పును. గజేంద్రమోక్షమందలి మొసలియు శాపగ్రస్తుడైన గంధర్వుడే గదా! పోతనగారి చరిత్రతో మొదలిడిన దర్శకునికి ఈ ఘట్టము తగియున్నది.

బల్లక్రింద బాంబున్నదని కూర్చున్న వారికి తెలియక, చూచువారికి తెలిసినప్పుడే ఉత్కంఠ కలుగునని ఆంగ్ల దర్శకుడు హిచ్‌కాక్ వివరించెను. మన రెడ్డిగారు ఆ కిటుకుతోనే నవ్వించిరి కూడ. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ రూపమున నున్నవాడు ఘటోత్కచుడని మన మెరుగుదుము, లక్ష్మణకుమారు డెరుగడు. 'పెద్దమనుషులు' (1954)లో అదే కిటుకు మనలను సిగ్గుపడజేయును. పురపాలక సంఘాధ్యక్షుని లోగుట్టు ప్రేక్షకునికి తెలియును. నమ్మి దండలు వేసిన ఊరికి తెలియదు. ఏ యూరివారైనను ఆ చిత్రమును చూచి తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

ఇంత లెక్క తెలిసినవారికిని ఓటమి తప్పలేదు. 1968 నాటి 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' జనాదరణ పొందలేదు. అయినను పని మానలేదు. 1971లో 'శ్రీకృష్ణ సత్య' తీసి, 1972లో కీర్తిశేషులైరి. వారికడ సహాయకులుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు తరువాత పేరొందిన దర్శకులైరి.

'పాతాళభైరవి' కథకు బీజము కాశీమజిలీ కథలలో నున్నదందురు. అనగా ఆ వెలుగు తెరకంటె ముందు పుస్తకమున నుండెను. తరువాతి పుట త్రిప్పక నిదురపోలేని బాలుడు ఈ యూర ఒక్కడున్నను, వాని చేతికి పుస్తక మందించుట మన విధి. అందుకై ఈ తలుపు ప్రతి సాయంకాలము తెరచి యుంచుడని వేడుచు సెలవు గైకొందును.