ఒకటో తరగతి, జనవరి 31: మన పిల్లల చదువు, డిస్లెక్సియా పరీక్షలు

(సభ్య కుటుంబాల సమావేశంలో ఆదివారం తెలుగు తరగతుల వలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ప్రసాదానికి ముందు ఓ పదిహేను నిమిషాలు ఇమ్మని కమిటీవారిని అడిగాం. ఇచ్చారు, సంతోషం. ఆదివారం తెలుగు తరగతులు నడిపే వలంటీర్లం మేము. మాలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే. డాక్టర్లం కాము, సైకాలజిస్టులం అంతకన్నా కాము. మీ అబ్బాయికి డిస్లెక్సియా ఉంది, మీ అమ్మాయికి లేదు అని చెప్పడానికి రాలేదు. మనం ఉంటున్న టెక్సస్‌లో చట్టం పిల్లలకు ఏమిస్తుందో, అది అందకుండా జారిపోయే సందు ఎక్కడుందో చెబుదామని వచ్చాం.

ఆ సందు మాకు కనబడింది జెద్దా నుంచి వచ్చిన కుటుంబాల వల్ల. మక్కా అనగానే మనకు ఆ పుణ్యనగరమే గుర్తొస్తుంది. ముస్లిములు కానివారికి అందులోకి ప్రవేశం లేదు. హైదరాబాదు యాత్రికుల కోసం నిజాం కాలంలో ఏర్పడిన రుబాత్ అనే వసతిగృహం మాత్రం అక్కడ ఉంది. అయితే మక్కా పేరుతోనే ఒక పెద్ద పరిపాలనా ప్రాంతమూ ఉంది, జెద్దా ఓడరేవు అందులోదే. ఉద్యోగాలకు వెళ్లిన మన తెలుగువాళ్లు, హిందువులైనా ముస్లిములైనా, పిల్లల్ని అక్కడి సీబీఎస్ఈ బడుల్లో చేరుస్తుంటారు. ఆ పిల్లల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, వాటితోపాటు కుడి నుంచి ఎడమకు రాసే అరబ్బీ. అరబ్బీలో హ్రస్వాచ్చులకు అక్షరం పైనా కిందా చిన్న గుర్తులు పెడతారు. చిన్న తరగతుల పుస్తకాల్లో అవి ఉంటాయి, తర్వాత తీసేస్తారు. ఇన్ని లిపుల మధ్య పిల్లవాడు వెనకబడితే "భాషలు ఎక్కువయ్యాయి, అదే సర్దుకుంటుంది" అనుకోవడం సహజం.

మన దేశపు చట్టం ఇందులో ఆలస్యంగా మేల్కొంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో చదువుకు సంబంధించిన ఇబ్బందుల ఊసే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, వాటిలో డిస్లెక్సియాను కూడా చేర్చింది. 2018 మార్గదర్శకాల ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలంటే బిడ్డకు ఎనిమిదేళ్లు నిండాలి. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లు ఉన్నాయి, మంచివే. కాని అవి పదో తరగతిలో పనికొచ్చేవి. అక్షరాలు కూడబలుక్కునే ఆరేళ్ల వయసులో బిడ్డను ఎవరు చూడాలి? 2021లో మొదలైన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తెచ్చిన తొలిమెట్టు ఈ చిన్న వయసు చదువు మీదే దృష్టి పెట్టాయి. అది శుభం.

ఇక టెక్సస్ సంగతి. డిస్లెక్సియా పరీక్ష, బోధన గురించి ఇక్కడ 1985లోనే చట్టం వచ్చింది. 2017లో దానికి తేదీలు కలిపారు. కిండర్‌గార్టెన్ ఏడాది చివర ఒకసారి, ఒకటో తరగతిలో జనవరి 31 లోపు మరోసారి ప్రతి బిడ్డనూ పరీక్షించాలి. 2019 చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను వరుసగా, నేరుగా నేర్పే పాఠ్యక్రమం ఉండాలి. ఆ తరగతుల టీచర్లు రీడింగ్ అకాడమీ శిక్షణ పొందాలి. బొమ్మ చూసి పదాన్ని ఊహించమనే పద్ధతికి ఇది విరుగుడు. మన గుణింతం నేర్పే పద్ధతికి దగ్గరిదని మాకు అనిపిస్తుంది.

ఇప్పుడు సందు ఎక్కడో చూడండి. జెద్దా నుంచో హైదరాబాదు నుంచో ఒక కుటుంబం బిడ్డ రెండో తరగతిలో ఉండగా వచ్చిందనుకుందాం. ఆ రెండు తేదీలూ అప్పటికే దాటిపోయాయి. రెండో తరగతిలోనూ చదువు పరీక్షలు ఉంటాయి. కాని బిడ్డ వెనకబడినట్టు తేలితే "కొత్తగా వచ్చాడు, ఇంగ్లీషు అలవాటు కావాలి" అనే మాట ముందుగా వస్తుంది. బడి వాళ్లూ అంటారు, మనమూ అంటాం. అలా ఒక ఏడాది గడిచిపోతుంది. రెండు భాషలు డిస్లెక్సియా తెప్పించవు. ఉన్నదాన్ని మరుగున పడేయగలవు, అంతే.

అలాంటప్పుడు తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒకటుంది: కాగితం మీద అడగడం. పికప్ లైన్లో టీచరుతో నోటిమాటగా చెబితే గడియారం మొదలవదు. "మా బిడ్డకు డిస్లెక్సియా ఉందేమోనని అనుమానం, పూర్తి మూల్యాంకనం చేయండి" అని ప్రిన్సిపాల్‌కో, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో రాసి ఇవ్వండి. 15 బడి రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక మామూలుగా 45 బడి రోజుల్లో నివేదిక రావాలి. ఆ తర్వాత 30 రోజుల్లో మీతో కూర్చుని నిర్ణయించాలి. ఖర్చు మీది కాదు. "కొన్నాళ్లు ఇంటర్వెన్షన్ చూసి చెబుతాం" అంటే ఆ తోడ్పాటు తీసుకోండి, కాని దాన్ని చూపించి మూల్యాంకనాన్ని వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ రాష్ట్రంలో 2004 నుంచి స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల సంఖ్యకు 8.5 శాతం అనే లక్ష్యం నడిచింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ దాన్ని బయటపెట్టింది. 2018లో ఫెడరల్ ప్రభుత్వం అది చట్టవిరుద్ధమని తేల్చింది. 2023 చట్టం వచ్చాక డిస్లెక్సియా అనుమానానికి పూర్తి మూల్యాంకనమే దారి అయింది.

పరీక్షలో ఎర్రగుర్తు వస్తే కంగారుపడకండి. మా వృత్తి భాషలో చెప్పాలంటే స్క్రీనింగ్ ఒక స్మోక్ టెస్ట్. ఒక లెక్క అనుకుందాం, ఉదాహరణకే సుమా. వందమంది పిల్లల్లో పదిమందికి నిజంగా ఇబ్బంది ఉంది. పరీక్ష పాతికమందిని పట్టుకుంది, అందులో ఎనిమిదిమంది నిజమైనవాళ్లు. అంటే పదిహేడుమందిది వట్టి హెచ్చరిక, ఇద్దరు తప్పించుకున్నారు. కాబట్టి గుర్తు వచ్చిందంటే జబ్బు తేలినట్టు కాదు, రాలేదంటే అనుమానం తీరినట్టూ కాదు. రెండో మాట మరింత ముఖ్యం.

మన ఇళ్లలో ఈ అనుమానాన్ని కప్పేసేది ఒకటుంది, చెబితే నవ్వుతారేమో: శ్లోకాలు. "వాడు హనుమాన్ చాలీసా మొత్తం చెబుతాడు, వాడికి చదువు రాకపోవడమేమిటి?" అని మమ్మల్ని అడుగుతారు. చెప్పగలడు, వినికిడి జ్ఞాపకం బాగుంది కనుక. పుస్తకం ముందున్నా కళ్లు దాని మీద ఉండక్కర్లేదు. అ ఆ ఇ ఈ, గుణింతాలు పాటలా అప్పజెప్పే పిల్లలూ అంతే. "కమలం" అన్నవాణ్ణి "లమకం" చదవమనండి. అర్థం లేని మాటే కావాలి, అప్పుడే ఊహకు తావుండదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి: తెలుగు రాసినట్టే చదువుతాం గనుక తప్పులు తక్కువగానే కనిపించవచ్చు. నత్తనడక, అలసట, చదవమంటే తప్పించుకోవడం ఇక్కడి ఆనవాళ్లు. వత్తులన్నీ కుదురుకోవడానికి ఎవరికైనా కొన్నేళ్లు పడుతుంది, దాన్ని దీనితో కలిపేయకండి. అక్షరాలు తిరగబడి కనిపించడమే డిస్లెక్సియా అని 'తారే జమీన్ పర్' చూసినవాళ్లు అనుకుంటారు. ఆ సినిమా 2007లో మన ఇళ్లలో ఈ మాటను పలికించింది, మేలే చేసింది. కాని చాలామంది పిల్లల్లో అసలు చిక్కు మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలకు జతచేయడంలోనే ఉంటుంది.

ఇక భయాలు. "రికార్డులో పడుతుంది, సంబంధాలప్పుడు బయటికొస్తుంది" అని ఒక అమ్మమ్మగారు మాతో అన్నారు. అమ్మా, బడి రికార్డులకు 1974 నుంచి ఫెడరల్ రక్షణ ఉంది. చట్టంలో రాసిన కొన్ని సందర్భాల్లో తప్ప మీ సమ్మతి లేకుండా బయటివారికి ఇవ్వకూడదు. వీసా గురించి అడిగిన తండ్రులున్నారు. ఈ హక్కులిచ్చే ఐడియా చట్టం బిడ్డ వీసాను అడగదు. వలస స్థితిని బట్టి ప్రభుత్వ బడికి రానివ్వకపోవడం కుదరదని 1982లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ కేసు టెక్సస్‌దే.

మా తరగతుల్లో వచ్చే నెల నుంచి వరసగా లేచి పైకి చదవడం ఆపేస్తున్నాం. ఇష్టమైనవాళ్లే చదువుతారు. శ్లోకాల పోటీలో పుస్తకం చూసి చదివే విభాగం, విని చెప్పే విభాగం వేరువేరుగా ఉంటాయి. బడికి ఉత్తరం రాయడానికి సాయం కావలసినవారు ఆదివారం తరగతి అయ్యాక లైబ్రరీ గదికి రండి. బిడ్డ నోటుబుక్కు, బడి పంపిన రిపోర్టు వెంట తెచ్చుకోండి. అక్కడ ఎవరి పేరూ రాసుకోం.