ఎండకాలమున కారురంగు రక్షణ



చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో నేడు మోటారుకారు అరుదైన వస్తువు కాదు. కుమారుడో అల్లుడో అప్పుచేసి కొన్న బండి వాకిట నిలువగానే, రంగు చెడకుండ ఈ పూత వేయింపుడు, ఆ పొర యతికింపుడు అని చెప్పువారు వత్తురు. కొన్ని వేలు మొదలు లక్షకు పైబడి అడుగుదురు. ఆ సొమ్ము తీయుటకు ముందు పెద్దలు వేయదగిన ప్రశ్న యొకటి కలదు: ఏ శత్రువునుండి ఈ రక్షణ?

కారురంగుపై గాజువలె మెఱయు పొర యొకటి యుండును. దాని మందము సాధారణముగా 50 మైక్రానులకు మించదు, తలవెండ్రుకకంటెను పలుచన. మన వేసవి 40 డిగ్రీలు దాటును. ఎండలోని అతినీలలోహిత కిరణములు ఆ పొరను ఏండ్ల తరబడి తిని, తుదకు పొలుసులుగా రాల్చును. అట్టి బండి అమ్మబోయినచో ధర పలుకదు.

ఎండకు తోడుగా వేఱు శత్రువులును గలవు. బోరునీటి యుప్పులు ఆఱి మచ్చలు కట్టును. పూతకాలమున మామిడిచెట్టు క్రింద నిలిపినచో తేనెమంచు పురుగుల జిగురు పడును. కాణిపాకమున వాహనపూజ చేయించిన పిమ్మట పసుపుకుంకుమలను దినములకొలది ఎండలో వదలినచో మరక దిగును.

ఇక పూతల మాట. మైనపుపూత చౌక, కాని మన యెండలో కొలది వారములే నిలుచును. సిలికాతో చేసిన సిరామిక్ పూత అంతకంటె చాలకాలము నిలిచి, మురికి సులువుగా వదలునట్లు చేయును. రాతిదెబ్బను మాత్రము ఆపజాలదు. పాలియురితేన్ పొర దళసరియైనది; రాతిదెబ్బను కాచునది అదియే. వెల మిక్కిలి హెచ్చు గనుక, బెంగుళూరు, చెన్నై రహదారులపై నిత్యము తిరుగువారు ముందుభాగమునకు మాత్రము వేయించుకొన్నను చాలును. వెలసిన రంగును ఏ పూతయు మరల తేజాలదు.

నా యభిప్రాయమున మొదటి ఖర్చు నీడకు పెట్టవలెను. రేకులపంచ యొక్కటి వేసినచో ఏండ్లకొలది యుపయోగపడును. ప్రొద్దెక్కకముందే కడిగి, మెత్తని గుడ్డతో తడి యొత్తవలెను. ధూళి కడుగక ముసుగు కప్పినచో, గాలికి ఆ ముసుగే ఆకురాయి యగును. ఇవి చేసిన పిదప మిగులున్నచో సిరామిక్ పూత వేయించుట తప్పు కాదు. అది ఎన్నియేండ్లు నిలుచునో, చెడినచో ఎవరు బాధ్యులో కాగితముపై వ్రాయించుకొనిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.