మిద్దెమీది పెరడు



మన షోలాపురమున అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో మరమగ్గముల హోరున మాట వినిపింపదు. పగలెల్ల మగ్గముకడ నిలిచిన మన పెద్దలు ఇంటిలో సైతము కేకవేసి మాటలాడుట మీరెరిగినదే. అందుచేత మా దుప్పట్ల గిడ్డంగి మిద్దెపై వారు నెమ్మదిగా కూర్చుండుటకు ఒక పెరడు వేయ దలచితిమి.

మొదట మిద్దెయంతటను అరడుగు మన్ను పరవ నెంచితిమి. ఇంజనీరుగారు వారించిరి. తడిసిన మన్ను ఆ మందమున చదరపు మీటరునకు సుమారు 250 కిలోలు తూగును. మనుషులు తిరుగు మిద్దెకు సాధారణముగా లెక్కించు అదనపు భారము 150 కిలోలే. తూకము మాకు తెలియునని గర్వించు వర్తకులము, ఈ తూకము తోచలేదు!

కావున మిద్దెకు నీరింకని పూత వేయించి, తొట్లను దూలములపై మాత్రమే ఉంచి, మన్నులో సగము కొబ్బరిపొట్టు కలిపితిమి. తూములకు జల్లెడలు బిగించితిమి. దూదినూగు పేరుకొనుచుండును, వారమున కొకమారు తీయవలసినదే. నందివర్ధనము, కలబంద ఎండకు తాళినవి. గన్నేరు విషమని, పిల్లలు తిరుగుచోట వలదని మా ఇంటివారు తీసివేయించిరి.

మొక్కలు హోరు నాపవు. గోడ కొంత ఆపును. మగ్గములవైపు దూలముపై పిట్టగోడను తలకు మించి లేపి, దాని చెంతనే బల్లలు వేయించితిమి. మొన్న సాయంకాలము, మగ్గములు నడుచుచుండగనే, మా తండ్రిగారి ఈడు పెద్దలిద్దరు అచ్చట గొంతు పెంచకయే ముచ్చటించుకొనిరి.