వజ్రం విలువ ఎవరు కట్టాలి?



తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. రాయి దొరికితే చాలామంది అక్కడికక్కడే వ్యాపారికి అమ్మేస్తారు. విలువ కట్టేదీ ఆయనే, కొనేదీ ఆయనే! అలాంటప్పుడు పేదవాడి చేతికి దక్కేదెంత?

మన ఇంట్లో వజ్రాల దుద్దుల సంగతీ అంతే. అమ్మే ముందు, మార్చే ముందు, వాటిని కొనే ఉద్దేశం లేని నిపుణుడికి చూపించండి. మళ్లీ చెబుతున్నాను, కొనే ఉద్దేశం లేని నిపుణుడికి.

ఆయన ఏం చూస్తారు? బరువు, రంగు, లోపలి స్వచ్ఛత, సానపట్టిన తీరు. మనం మాత్రం ఎన్ని క్యారట్లని బరువొక్కటే అడుగుతాం. నిజానికి మెరుపంతా సానలోనే ఉంది. సాన కుదరకపోతే పెద్ద రాయి కూడా వెలవెలబోతుంది.

ఇంకో సంగతి. ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా అసలు వజ్రమే. కంటికి తేడా తెలియదు. ధర మాత్రం గనిలో దొరికిన దానికన్నా బాగా తక్కువ. అందుకే రాయి ఎక్కడ పుట్టిందో సర్టిఫికెట్‌లో ఉందా అని చూడండి. గాజు మీద గీసి చూసే పరీక్షను నమ్మకండి. గాజును గీసే రాళ్లు ఇంకా చాలా ఉన్నాయి.

నగ మీద 916 అని ఉందా? అది బంగారం స్వచ్ఛత మాత్రమే. రాయి గురించి అది ఏమీ చెప్పదు. రాయికి సర్టిఫికెట్ వేరే అడగండి. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు విడివిడిగా రాయించుకోండి.