పొరుగింటి బిడ్డను గూర్చి పలుకవలసిన మాట



నేఁడు నేను చెప్పఁబోవు విషయము కొంచెము కష్టమైనది. పొరుగింటి బిడ్డ యెదుగుదలలో నేదో తేడా మన కంటఁబడినది. తలిదండ్రులకుఁ జెప్పుటయా, మానుటయా? చెప్పినచో వైరము, మానినచో బిడ్డకు నష్టము. ముప్పదియేండ్లకుఁ బైగా బడిపంతులుగా నుండియు నేనీ విషయమునఁ బొరపడితిని. ఆ కథయే మొదటఁ జెప్పెదను.

మా పొరుగింట మూఁడేండ్లు నిండవచ్చిన పిల్లవాఁడుండెను. చక్కని రూపు. పేరు పెట్టి పిలిచినఁ దిరిగి చూడఁడు. వీధిలో ఐసుబండి గంట వినఁబడిన మాత్రము పరుగిడును. ఆటబండిని తలక్రిందులు చేసి చక్రమును గంటల కొలఁది త్రిప్పుచుండును. కావలసినదానిని వ్రేలితోఁ జూపఁడు. తల్లి చేయి పట్టి లాగుకొనిపోయి యా చేతినే వస్తువు మీఁద నుంచును. ఇవి చూచి నేనొక సత్యనారాయణవ్రతమునాఁడు, తాంబూలములు పంచుచుండఁగా, నలుగురిలో “ఈ బిడ్డను వైద్యునకుఁ జూపింపుఁడు” అంటిని. మాట మంచిదే, చోటు చెడ్డది. అత్తగారు కోడలి వంకఁ జూచిన చూపు నాకిప్పటికిని మఱపునకు రాదు. ఆ తల్లి రెండు నెలలు మా గడప త్రొక్కలేదు.

ఇట్టి తీరునకు ఆటిజమని పేరు. గ్రీకుభాషలో ఆటోస్ అనఁగా తాను. హిందీవారు స్వలీనత యనిరి, సొంపైన మాటయే. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుఁడు పదునొకండుగురు పిల్లలను బరిశీలించి దీనిని వర్ణించెను. పిదపఁ గొన్నియేండ్లు వైద్యులే తల్లి ప్రేమ చాలకపోవుటచే నిది కలుగుననిరి. అది తప్పని తేలిపోయినది. ఇది మెదడు పెరుగుదలకు సంబంధించినది. పెంపకపు దోషము కాదు. టీకాలవలన వచ్చునని 1998లో వెలువడిన వ్యాసమును బ్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించినది. మన యూళ్లలోనో, తల్లిని నిందించుటకు వైద్యగ్రంథము గూడ నక్కఱలేదు!

“మా తాతకు నాలుగేండ్లకు గాని మాట రాలేదు” అని మీరనవచ్చును. మాట యాలస్యమైనను మొగము చూచి నవ్వుచు, వ్రేలితోఁ జూపుచు, దాఁగుడుమూఁతలాడు బిడ్డ వేఱు. ఏడాది నిండినను బిలుపునకుఁ దిరుగనివాఁడు, 18 నెలలకును వ్రేలితోఁ జూపనివాఁడు, రెండేండ్లకును రెండు మాటలు కూర్చి పలుకనివాఁడు పరీక్షింపఁదగినవాఁడు. వచ్చిన మాటలు పోయినచో నొక్కనాఁడును జాగుచేయరాదు. అయినను గుఱుతులు చూచి రోగమునకుఁ బేరు పెట్టుట మన పని కాదు.

నేను మరల, మా యింటిదానిని వెంటఁబెట్టుకొని, ఆమె యొంటరిగా నున్న వేళఁ బోయితిని. మొదట నాఁటి మాటకు మన్నింపుమంటిని. పిదప, “అమ్మాయీ, వాఁడు నీతో నెట్లాడుకొనును?” అని మాత్రమడిగితిని. ఆమె కన్నీరు పెట్టుకొని, “బాబాయిగారూ, ఏడాదిగా నాకీ భయమున్నది. ఎవరితోఁ జెప్పుకొందును?” అనెను. నేను కనిపెట్టితినని గర్వించినది ఆమె యెప్పుడో యెఱుఁగును.

మొదట వినికిడి పరీక్ష చేయించితిమి. గంట వినినంత మాత్రమునఁ జెవులు సరిగా నున్నవని చెప్పరాదు. అంగన్‌వాడీకి వచ్చు ప్రభుత్వ బాలల ఆరోగ్యబృందమునకుఁ జూపితిమి. ఈ యేర్పాటు 2013 నుండి యున్నది. వారు జిల్లాకేంద్రమునకుఁ బంపిరి. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో వెలసిన జాతీయసంస్థయు నిట్టి పిల్లల కొఱకును బనిచేయుచున్నది. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజము చేరినది. దీనిని మాన్పు మందు లేదు. కుదిర్చెదమని సొమ్ము గుంజువారిని నమ్మకుఁడు. చిన్ననాఁటి నుండి యిచ్చు శిక్షణమే మేలు చేయును. ఇంటిలో అత్తగారి నోరు కట్టుట మాత్రము వైద్యుల వలనఁ గాలేదు. అది మా యింటిది చేసినది. పెద్దలు మీరును జేయఁగలరు.

వానికిప్పుడు ఏడేండ్లు. మాటలు కొన్నియే. బడిగంట మ్రోఁగినఁ జెవులు మూసికొనును. మొన్న మా యరుగు చెంత జామచెట్టుపై వ్రాలిన చిలుకను వ్రేలితోఁ జూపి, నేను చూచితినో లేదో యని నా వంకఁ దిరిగెను.